పానగల్ రాజా, కట్టమంచి రెడ్డి: ఒక అవిశ్వాస తీర్మానం, ఆ తర్వాత

(చిత్తూరులో చేసిన కట్టమంచి రామలింగారెడ్డి స్మారకోపన్యాసం పాఠం)



రామలింగారెడ్డిగారి పేరిట ఉపన్యాసం అంటే ముసలమ్మ మరణం గురించో, కవిత్వతత్త్వ విచారం గురించో మాట్లాడటం ఆనవాయితీ. వాటి మీద నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఈ హాల్లోనే పదిమంది కనిపిస్తున్నారు. నేను చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. అందుకని ఆయన గెలిచిన వాటిని వదిలిపెట్టి, ఓడిపోయిన ఒక సందర్భం ఎంచుకున్నాను.

1923 నవంబరు చివర్లో మద్రాసు శాసనమండలిలో ఆయన ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. ఆ మండలి చూసిన మొట్టమొదటి అవిశ్వాస తీర్మానం అది. దించాలనుకున్న ముఖ్యమంత్రి ఎవరంటే పానగంటి రామారాయణింగార్, అందరూ పానగల్ రాజా అనేవారు. 1866లో కాళహస్తిలో పుట్టినవాడు. గంజాం నుంచి మలబారు దాకా పరుచుకున్న ప్రెసిడెన్సీలో, గద్దె మీద కూర్చున్నదీ మన జిల్లా మనిషే, దిగమని లేచి నిలబడిందీ మన జిల్లా మనిషే. తమిళ సభ్యులు ఆరోజు ఏమనుకున్నారో గానీ, మన చరిత్ర పుస్తకాల్లో దీనికి ఒక పేరా కూడా దక్కలేదు. అది ఎందుకు దక్కలేదన్నదే ఈ సాయంత్రం నా విషయం.

ముందు కొంచెం దూరం వెళ్ళి వస్తాను. బ్రిటిషువాళ్ళకు తమ పాత ప్రధానమంత్రులకు మార్కులు వేసుకోవడం ఒక సరదా. 2004లో లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు చరిత్ర, రాజకీయశాస్త్ర అధ్యాపకులను అడిగి ఇరవయ్యో శతాబ్దపు ప్రధానులకు వరస కట్టారు. మొదటి స్థానం చర్చిల్‌కు రాలేదు, క్లెమెంట్ ఆట్లీకి వచ్చింది. చర్చిల్ రెండో స్థానం. ఆట్లీ మాటకారి కాదు, జనాన్ని ఊపేసిన మనిషి కాదు. 1928లో సైమన్ కమిషన్ సభ్యుల్లో ఒకడిగా మన దేశానికి వచ్చినప్పుడు నల్లజెండాలు చూపినవాళ్ళలో ఆయన పేరు తెలిసినవాళ్ళు ఎందరుంటారు? ఆయన ప్రభుత్వం 1948లో పెట్టిన జాతీయ ఆరోగ్య సేవ ఇంకా నడుస్తోంది. ఆ సేవ కింది ఆస్పత్రులకు వెళ్ళే ప్రతి తరమూ ఆయనకు ఇంకో మార్కు కలుపుతూ వచ్చింది.

ఇందుకు తిరగబడ్డ కథ నెవిల్ చాంబర్లేన్‌ది. ప్రధాని కాకముందు ఆరోగ్యమంత్రిగా పేదల సహాయాన్ని పాతకాలపు బోర్డుల చేతుల్లోంచి తీసి, 1929 చట్టంతో కౌంటీ కౌన్సిళ్ళకు అప్పగించిన మనిషి. ఇవాళ ఆయన పేరు చెబితే మ్యూనిక్ ఒప్పందం తప్ప ఇంకేమీ గుర్తు రాదు. ఆంథొనీ ఈడెన్‌కు విదేశాంగ వ్యవహారాల్లో ఎంత పేరున్నా, 1956లో ఒక్క సూయజ్ కాలువ ముంచేసింది. మొదటి ప్రపంచయుద్ధాన్ని గెలిపించిన లాయిడ్ జార్జ్ 1922లో దిగాక, ఆయన లిబరల్ పార్టీ మళ్ళీ సొంతంగా ప్రభుత్వం ఏర్పరచలేదు.

ఈ లాయిడ్ జార్జ్ ప్రధానిగా ఉన్నప్పుడే 1919 భారత ప్రభుత్వ చట్టం వచ్చింది. దాని కింద రాష్ట్రాల్లో ద్వంద్వపాలన పెట్టారు. విద్య, ఆరోగ్యం, స్థానిక స్వపరిపాలన, వ్యవసాయం లాంటివి ఎన్నికైన మంత్రులకు. డబ్బు, పోలీసు, రెవెన్యూ గవర్నరు దగ్గరే. బండి నడపమని చెప్పి ఎద్దులను మాత్రం తన కొట్టంలోనే కట్టుకున్నట్టు. ఓటు హక్కు జనాభాలో నూటికి ముగ్గురికి దక్కింది. కాంగ్రెసు ఎన్నికలను బహిష్కరించడంతో, బ్రాహ్మణేతరుల పార్టీ అయిన జస్టిస్ పార్టీ గెలిచింది. పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి పదవి వద్దంటే సుబ్బరాయలు రెడ్డియార్ ముఖ్యమంత్రి అయ్యారు. కొన్ని నెలలకే అనారోగ్యంతో తప్పుకున్నారు. 1921 జూలైలో పానగల్ వచ్చారు. 1926 డిసెంబరు దాకా, అయిదేళ్ళకు పైగా ఉన్నారు. గవర్నరు విల్లింగ్డన్ ఒకప్పుడు లండన్ పార్లమెంటులో లిబరల్ సభ్యుడు. అక్కడి పద్ధతి ఇక్కడా నడవాలన్న కోరిక ఉన్నవాడు కాబట్టి, మంత్రులను ఎంచుకునే స్వేచ్ఛ పార్టీ నాయకుడికే వదిలాడు. ఆ స్వేచ్ఛను పానగల్ ఎట్లా వాడారంటే, 1923 ఎన్నికల నాటికి ముగ్గురు మంత్రులూ తెలుగువాళ్ళే. పానగల్, కూర్మా వెంకటరెడ్డి నాయుడు, పాత్రో. తమిళులు గొడవ చేశారు. అప్పుడు వెంకటరెడ్డి నాయుణ్ణి తప్పించి శివజ్ఞానం పిళ్ళైని తీసుకున్నారు. మద్రాసులో తెలుగువాళ్ళ మాట చెల్లలేదని వినివిని పెరిగిన తరానికి ఈ సంగతి కొంచెం వింతగా తోస్తుంది.

రెడ్డిగారు అప్పటికి కేంబ్రిడ్జిలో చదివి, మైసూరు మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పి, ఆ సంస్థానంలో విద్యాశాఖను నడిపి, ఆ కొలువు వదిలి రాజకీయాల్లోకి వచ్చి ఉన్నారు. జస్టిస్ పార్టీలోనే చేరారు. 1923 ఎన్నికల తర్వాత ఆ పార్టీ నుంచి చీలిన వర్గానికి నాయకుడయ్యారు. పార్టీనీ ప్రభుత్వాన్నీ ఒక్కరి గుప్పిట్లో పెట్టుకున్నారని, కొత్త ఆలోచన ఏదీ లేదని వాళ్ళ ఆరోపణ. ఆ మంత్రివర్గంలో ఆయనకు చోటు లేదు. అందులో సూత్రం ఎంత, కినుక ఎంత అని తూచడం వందేళ్ళ తర్వాత ఎవరి తరమూ కాదు. రెండూ ఉండి ఉంటాయి. రాజకీయాల్లో రెండూ కలిసే ఉంటాయి, దానికి సిగ్గుపడాల్సిన పని లేదు. స్వరాజ్య పార్టీ వాళ్ళు ఆయనకు తోడు నిలిచారు. ఓటింగులో తీర్మానం వీగిపోయింది. ప్రభుత్వం నియమించిన సభ్యుల ఓట్లు పానగల్‌కు కలిసొచ్చాయి. ఎన్నికైనవాళ్ళ మధ్య పోటీని ఎన్నిక కానివాళ్ళు తేల్చే సభ అది.

ఇక్కడితో ఆగితే ఇది ఒక పాత పార్టీ తగాదా. ఆగలేదు. 1926లో ఇదే పానగల్ ప్రభుత్వం ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం చేసింది. విద్యామంత్రి పాత్రో దాన్ని నడిపించారు. మొదటి ఉపకులపతిగా ఎవరిని పెట్టారు? మూడేళ్ళ కిందట తమను దించాలని చూసిన రామలింగారెడ్డిని. ఇందులో పెద్దమనసు చూడాలనుకున్నవాళ్ళు చూడొచ్చు. మంచి వక్తను మండలికి దూరంగా బెజవాడకు పంపించే తెలివి చూడాలనుకున్నవాళ్ళకూ వీలుంది. పానగల్‌ను దగ్గరగా చూసినవాళ్ళు ఆయన ఎత్తుగడల మనిషి అనే అన్నారు, కాబట్టి నేను రెండో వైపే కొంచెం మొగ్గుతాను. ఏదైనా, రెడ్డిగారి పేరు ఇవాళ నిలిచింది ఆ ఉద్యోగం వల్లే. 1930లో ప్రభుత్వ దమనకాండకు నిరసనగా రాజీనామా ఇచ్చారు. 1936లో మళ్ళీ వచ్చి 1949 దాకా విశ్వవిద్యాలయాన్ని నడిపారు. 1942లో, క్విట్ ఇండియా సంవత్సరంలో, సర్ బిరుదు తీసుకున్నారు. 1930 రాజీనామా గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం, 1942 బిరుదు గురించి మెల్లగా చెబుతాం. స్మారక సభల్లో ఇట్లాంటి సర్దుబాట్లు మామూలే. ఆయన మాత్రం దేన్నీ దాచుకున్న మనిషి కాదు.

ఇప్పుడు పానగల్ దగ్గరికి. ఆయన చేసినవాటిలో నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది హిందూ దేవాదాయ చట్టం. అంతకుముందు ఆలయాల మీద అజమాయిషీ 1863 నాటి చట్టం కింద ఉండేది. కంపెనీ కాలంలో కలెక్టర్లు చూసిన గుళ్ళను ప్రభుత్వం వదిలేసుకుని, స్థానిక సంఘాలకు, ధర్మకర్తలకు, మహంతులకు అప్పగించింది. ధర్మకర్త మాన్యం అమ్ముకుంటే, నగలు తాకట్టు పెడితే, భక్తుడికి మిగిలిన దారి సివిల్ దావా ఒక్కటే. ఏళ్ళు పట్టేది, ఇల్లు గుల్లయ్యేది. పానగల్ 1922 డిసెంబరులో బిల్లు పెట్టారు. కమిషనర్ల బోర్డు, లెక్కల తనిఖీ, ఏటేటా బడ్జెటు. గుడి సొమ్ముకు జవాబుదారీ ఉండాలన్నదే అందులో ముఖ్యం. మతంలో ప్రభుత్వం చేయి పెడుతోందని గగ్గోలు పుట్టింది. 1925లో చట్టమైంది. అది చెల్లుతుందా లేదా అన్న ప్రశ్న కోర్టులకెక్కితే, 1927లో రెండో నంబరు చట్టంగా తిరిగి చేయాల్సి వచ్చింది. అప్పటికి పానగల్ పదవిలో లేరు. 1926 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ ఓడింది, స్వరాజ్య పార్టీ పెద్ద పార్టీ అయినా పదవి వద్దంది, స్వతంత్రుడైన సుబ్బరాయన్ ముఖ్యమంత్రి అయ్యారు.

ఈ ఊళ్ళో, ఈ జిల్లాలో ఉన్నవాళ్ళకు ఇది పుస్తకాల సంగతి కాదు. తిరుమల కొండ 1843 నుంచి హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. చివరి విచారణకర్త ప్రయాగదాస్. 1932 నాటి తిరుమల తిరుపతి దేవస్థానాల చట్టంతో 1933లో ఆ తొంభై ఏళ్ళ పాలన ముగిసి, కమిటీ, కమిషనరు వచ్చారు. ఆ చట్టం పానగల్ చేసింది కాదు. ఆయన 1928 డిసెంబరు 16నే పోయారు. కానీ ప్రభుత్వం చట్టం చేసి గుడి లెక్క అడగొచ్చు అన్న దారి తెరిచింది ఆయనే. ఆ దారి లేకుండా 1932 చట్టం లేదు, 1951 మద్రాసు చట్టం లేదు, మన 1966 చట్టం లేదు, ఇప్పుడు నడుస్తున్న 1987 చట్టమూ లేదు. కొండ మీద ఈవోగారి సంతకం వెనకాల, కాళహస్తి గుడి హుండీ లెక్కింపు వెనకాల, కాణిపాకం బోర్డు వెనకాల ఆ 1922 బిల్లు ఉంది.

గుళ్ళు ప్రభుత్వం చేతిలో ఉండాలా వద్దా అని ఇప్పుడు మళ్ళీ పెద్ద చర్చ నడుస్తోంది. ఉండకూడదనేవాళ్ళ వాదనలో బలం లేదని నేను అనను. జవాబుదారీ కోసం పుట్టిన వ్యవస్థ రాజకీయ నియామకాల దుకాణమైతే జనానికి కోపం రావడం న్యాయం. కానీ ఆ చర్చలో రెండు పక్షాలవాళ్ళూ పానగల్ పేరెత్తరు. తిట్టడానికైనా ఎత్తరు. అదే విచిత్రం. ఆట్లీ ఆస్పత్రికి ఆట్లీ పేరు అంటుకుంది. పానగల్ చట్టానికి పానగల్ పేరు అంటుకోలేదు.

మద్రాసులో అంటుకుంది. త్యాగరాయనగర్‌లో పానగల్ పార్కు ఉంది. సైదాపేటలో పానగల్ మాళిగ ఉంది. పట్టుచీరలు కొనడానికి వెళ్ళే మన చిత్తూరు ఆడవాళ్ళు ఆ పార్కు చుట్టూ తిరిగి వస్తారు. ఆ పేరుగల మనిషి కాళహస్తివాడని తెలిసి తిరిగేవాళ్ళు తక్కువ. తమిళనాడులో ద్రావిడ ఉద్యమం జస్టిస్ పార్టీని తన పుట్టిల్లుగా చెప్పుకుంది. 1921 సెప్టెంబరులో వచ్చిన సామాజిక వర్గాల వారీ ఉద్యోగాల ఉత్తర్వును తన మొదటి అడుగుగా లెక్కేసుకుంది. అందుకని పానగల్‌కు అక్కడ ఒక కథలో చోటు దొరికింది. మన దగ్గర ఆ కాలపు కథ ఆంధ్రోద్యమం చుట్టూ, కాంగ్రెసు చుట్టూ అల్లారు. అందులో జస్టిస్ పార్టీవాళ్ళు తెల్లదొరల వైపు మనుషులు. తెలుగువాళ్ళయినా సరే.

ఆ ముద్రలో నిజం లేదని నేను అనను. మచ్చలున్నాయి. 1921లో బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల సమ్మెలో ఆది ద్రావిడ కార్మికులు పనిలోకి వెళితే, పుళియాన్తోపులో గొడవలయ్యాయి. జస్టిస్ నాయకులు సమ్మె చేసినవాళ్ళ పక్షమే మాట్లాడి, ఆది ద్రావిడులను ప్రభుత్వం నెత్తికెత్తుకుంటోందని నింద వేశారు. ఆది ద్రావిడ నాయకుడు ఎం.సి. రాజా 1923లో పార్టీ విడిచి వెళ్ళారు. బ్రాహ్మణేతరులందరి పార్టీ అని చెప్పుకున్నది, అందరికంటే కింద ఉన్నవాళ్ళ దగ్గరికొచ్చేసరికి తడబడింది. పానగల్‌ను మెచ్చుకునేవాళ్ళు ఈ పేజీ తిప్పేసి ముందుకు పోకూడదు.

ఇంకొకాయన ఉన్నారు. బొల్లిని మునుస్వామి నాయుడు. తిరుత్తణి పక్కన వేలంజేరిలో 1885లో పుట్టి, ఇదే చిత్తూరులో వకీలుగా పనిచేశారు. పానగల్ పోయాక జస్టిస్ పార్టీ పగ్గాలు పట్టి, 1930 అక్టోబరులో మద్రాసు ముఖ్యమంత్రి అయ్యారు. అంటే పదేళ్ళలో ఈ జిల్లా మద్రాసుకు ఇద్దరు ముఖ్యమంత్రులనిచ్చింది. నాయుడు వచ్చింది గడ్డుకాలంలో. ప్రపంచమంతా ధరలు పడిపోయాయి, రైతు పంటకు ఖరీదు లేదు. పార్టీలో జమీందార్లకు ఈ వకీలు నాయకత్వం రుచించలేదు. తంజావూరు మహాసభ రసాభాస అయింది. 1932 నవంబరులో ఆయన తప్పుకుంటే, బొబ్బిలి రాజా గద్దెనెక్కారు. సరిగ్గా ఆ ఏళ్ళలోనే లండన్‌లో రామ్సే మెక్డొనాల్డ్‌కు తన పార్టీతోనే తెగిపోయింది. లేబర్ పార్టీకి మొదటి ప్రధాని ఆయన. 1931లో ప్రత్యర్థులతో కలిసి జాతీయ ప్రభుత్వం పెట్టాడని సొంత పార్టీ వెళ్ళగొట్టింది. ఆయన్ని ఇప్పటికీ ద్రోహి అనేవాళ్ళున్నారు, కాదని పుస్తకాలు రాసేవాళ్ళూ ఉన్నారు. మన నాయుడుగారిని ద్రోహి అన్నవాళ్ళు లేరు, కాదన్నవాళ్ళూ లేరు. 1935లో కన్నుమూశారు.

ఆయన మరుపుకు ఒక భౌగోళిక కారణం కూడా ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి మనలో ఉంది. సరిహద్దు మీద పటాస్కర్ తీర్పు తర్వాత 1960 ఏప్రిల్ 1న తమిళనాడు వైపు వెళ్ళిపోయింది. వేలంజేరి అటు పోయింది, ఆయన వకీలుగా పనిచేసిన కోర్టు ఇటు మిగిలింది. ఆంధ్రవాళ్ళకు ఆయన తమిళనాడు ఊరివాడు. తమిళులకు తెలుగు నాయుడు. కానీ సరిహద్దే అసలు కారణమంటే ఒప్పుకోను, ఎందుకంటే అదే తిరుత్తణిలో మూడేళ్ళ తర్వాత పుట్టి, తిరుపతిలో చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను రెండు రాష్ట్రాలూ మావాడంటే మావాడని లాక్కుంటాయి. రెడ్డిగారి రాజీనామా తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని 1931లో అందుకున్నదీ ఆయనే. రాష్ట్రపతికి ఇద్దరు హక్కుదార్లు, ముఖ్యమంత్రికి ఒక్కరూ లేరు. పేరు గల మనిషి కోసం పోట్లాడటానికి సరిహద్దు ఎప్పుడూ అడ్డం కాలేదు.

ఈ మరుపు లెక్కలోనే ప్రకాశం పంతులుగారి సంగతి రెండు మాటల్లో. ఆయన 1946 ఏప్రిల్ నుంచి 1947 మార్చి దాకా మద్రాసుకు ప్రధానమంత్రి. అప్పట్లో ఆ పదవిని అట్లాగే పిలిచేవారు. 1953 అక్టోబరు నుంచి ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి. రెండుసార్లూ ఏడాదికి అటూఇటూ. జనానికి గుర్తున్నది మాత్రం 1928లో సైమన్ బహిష్కరణ హర్తాళ్ నాడు మద్రాసులో తుపాకీకి ఎదురు నిలిచిన రొమ్ము. శ్రీబాగ్ ఒప్పందంలో రాయలసీమకు విశ్వవిద్యాలయ కేంద్రం అనంతపురంలో అన్నారు. అది తిరుపతికి వచ్చింది. 1954 సెప్టెంబరు 2న శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది, రెండు నెలల్లో మద్యనిషేధం మీద ఒక్క ఓటుతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. ఆ క్యాంపస్‌లో డిగ్రీలు తీసుకున్న లక్షలమందిలో, ఇది ప్రకాశం ప్రభుత్వం చేసిన పని అని ఎందరు చెప్పగలరు? అనంతపురంవాళ్ళు చెప్పగలరేమో. పోగొట్టుకున్నవాళ్ళకు లెక్కలు బాగా గుర్తుంటాయి.

తర్వాతి కాలంలో మన ఉమ్మడి జిల్లా నుంచి మరో ఇద్దరు ముఖ్యమంత్రులయ్యారు. నారావారిపల్లె నుంచి వచ్చిన నాయకుడు ఇంకా రాజకీయాల్లోనే ఉన్నారు, ఆ లెక్క ముగిసినప్పుడు వేరొకరు చెబుతారు. నల్లారి కిరణ్ కుమార్ రెడ్డిగారిని సమైక్య రాష్ట్రానికి చివరి ముఖ్యమంత్రిగా, విభజనకు అడ్డుపడి 2014 ఫిబ్రవరిలో రాజీనామా చేసిన మనిషిగా గుర్తుపెట్టుకున్నారు. మీసేవ కేంద్రాలు 2011లో ఆయన హయాంలో వచ్చాయి. ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళికకు చట్టం 2013లో వచ్చింది. కుల ధ్రువీకరణ పత్రానికి వరసలో నిలబడ్డవాళ్ళకు ఆ సంగతి తెలియదు. పానగల్‌కు జరిగింది ఎంత త్వరగా జరుగుతుందో చూడండి, వందేళ్ళు అక్కర్లేదు.

ఒక్క మంత్రి పదవీ లేని రామలింగారెడ్డిగారికి మాత్రం స్మారకోపన్యాసం ఉంది. ఆయన పుస్తకాలు రాశారు. తెలుగులో రాశారు. శిష్యులను తయారుచేశారు, ఆ శిష్యులు ఆయన చమత్కారాలు, కోపాలు చెప్పుకుంటూ తిరిగారు. పానగల్ సంస్కృతంలో డిగ్రీ చదివిన మనిషే, 1923 నాటి ఉస్మాన్ కమిటీ నివేదిక తర్వాత దేశీయ వైద్యానికి మద్రాసులో బడి పెట్టించిన మనిషే. కానీ ఆయన రాసినవన్నీ బిల్లులు. బిల్లును చదివి కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు ఉండరు. ఆయనకు ఒక పార్టీ ఉండేది, 1937 ఎన్నికల్లో అది ఊడ్చుకుపోయింది, ఆపైన వేరే పేరుతో వేరే దారి పట్టింది. దాని తెలుగు కొమ్మకు నీళ్ళు పోసినవాళ్ళు లేరు.

నిర్వాహకులను ఒకటి అడుగుతాను. 1923 నవంబరు నాటి ఆ చర్చ మద్రాసు శాసనమండలి కార్యకలాపాల సంపుటాల్లో ఇంగ్లీషులో అచ్చయింది. రెడ్డిగారి ప్రసంగం, పానగల్ జవాబు, తమిళ సభ్యుల మాటలు, తీర్మానం మీద ఎవరు ఎటు ఓటేశారో ఆ జాబితా, అన్నీ కలిపి తెలుగులో ఒక చిన్న పుస్తకంగా తెండి. మన కళాశాలల చరిత్ర విద్యార్థులకు ఇవ్వండి. రెడ్డిగారి ప్రసంగం ఒక్కటే వేసి ఊరుకోవద్దు, పానగల్ జవాబు కూడా పూర్తిగా వేయండి. వచ్చే ఏడు ఈ వేదిక మీద ఆ రెండూ చదివిన విద్యార్థి ఎవరైనా మాట్లాడితే, ముందు వరసలో కూర్చుని వింటాను.